పాలవ్యాను పరీక్ష

మా నాయనకు పుంగనూరులో నూనె అంగడి. వెనక గానుగ, ముందర అంగడి, మధ్యలో మేము. ఊళ్ళో ఏ బిడ్డకు చెవిపోటు వచ్చినా ఆ ఇంటి ముసలమ్మ మా అంగట్లో నూనె కొని, వెల్లుల్లి రెబ్బ వేసి కాచి, గోరువెచ్చగా చెవిలో పోసేది. నేను ముక్కు చెవి గొంతు డాక్టరునై, అందులోనూ పిల్లలకు ఆపరేషన్లు చేసేదాన్నై, మదనపల్లెలో క్లినిక్కు పెట్టుకున్నాక పొద్దున పూటంతా ఆ నూనె కడగడంతోనే సరిపోతోంది. నాయన పోయిస్తాడు, కూతురు తీస్తుంది, వ్యాపారం మాత్రం ఇల్లు దాటి పోలేదు అని మా బంధువులు నవ్వుకుంటారు. నాకు నవ్వు రాదు. నూనె పోసిన చెవిని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నేను ఈ చదువు ఎంచుకున్నానని చెప్పినప్పుడు నాయనకు నచ్చలేదు. ఆయన మనసంతా గుండె డాక్టరు మీద ఉండేది. గుండెకు ఒక డాక్టరు, కంటికి ఒక డాక్టరు ఉన్నారు కదా, నువ్వేమిటి మూడింటికి కలిపి ఒక్కదానివే, ఒక్కటన్నా సరిగ్గా వస్తుందా అని అడిగాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదే ఉద్యోగం అని మా మేనమామ ఒక మాట అంటించాడు. ఆ తరవాత నేను పిల్లలకు మాత్రమే చూస్తానని చెప్పేసరికి నాయనకు ఉన్న కాస్త ఆశ కూడా పోయింది. హోల్‌సేల్ చేసే అంగడిని చిల్లర కొట్టు చేసుకున్నావు కదమ్మా అన్నాడు.

చదివింది కుప్పంలో. మూడు రాష్ట్రాలు కలిసే చోటు కాబట్టి అక్కడ ఒక బిడ్డ తెలుగులో ఏడిస్తే పక్కబిడ్డ తమిళంలో, ఆ పక్కబిడ్డ కన్నడంలో ఏడ్చేవాళ్ళు. తన్నడంలో మాత్రం అందరిదీ ఒకటే భాష. బిడ్డను దుప్పటిలో చుట్టి పట్టుకోవడం నేర్చుకోవడానికే నాకు ఒక ఏడాది పట్టింది. ముక్కుల్లోంచి నేను తీసిన చింతగింజలతో, బలపం ముక్కలతో, పూసలతో ఒక చిన్న అంగడి పెట్టొచ్చు. వేరుశనగ పప్పు వేరే. అది ఊపిరి గొట్టంలోకి పోతే నవ్వులాట కాదు. దాన్ని తీసిన రోజుల్లో ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకునేదాన్ని.

మాకు పాఠం చెప్పిన పెద్ద మేడమ్‌ది ఒక సూత్రం ఉండేది. బిడ్డ చెవి చూసే ముందు బిడ్డ కాళ్ళు ఎక్కడున్నాయో చూసుకోండి, ఆ తరవాత అవ్వ ఎక్కడుందో చూసుకోండి అనేది. కాళ్ళ సంగతి మొదటి వారంలోనే అర్థమైంది. అవ్వ సంగతి మదనపల్లెకు వచ్చాకే తెలిసింది. ఈ ప్రాంతంలో బిడ్డను ఎత్తుకొచ్చేది తల్లి, సంతకం పెట్టేది తండ్రి, ఆపరేషను చేయాలా వద్దా అని చెప్పేది అవ్వ.

అలాంటి ఒక అవ్వ సోమల పక్క పల్లె నుంచి వచ్చింది. వెంట కోడలు, కోడలి చంకలో రెండేళ్ళు దాటిన మగబిడ్డ. బిడ్డకు జలుబని చెప్పారు. నేను ముక్కు చూస్తూ ఉంటే కోడలు గొంతు తగ్గించి, బిడ్డకు ఇంకా మాట రాలేదని అంది. అవ్వ వెంటనే అందుకుంది. వాళ్ళింట్లో మగవాళ్ళకు మాట ఆలస్యమట. ఆమె మొగుడికి అయిదో ఏట వచ్చిందట, వచ్చింది మొదలు చచ్చేదాకా ఆగలేదట, అసలు రాకపోయినా బాగుండేదట. బిడ్డ నాలుక మీద వసకొమ్ము అరగదీసి రాస్తున్నామనీ, శ్రావణం దాటితే వాడే మాట్లాడతాడనీ చెప్పింది. చెవిలో నూనె కూడా పోస్తున్నారా అని అడిగాను. యాల పొయ్యమూ, అది కూడా అడగాల్నా అన్నట్టు చూసింది.

నూనె కడిగాను. లోపల చెవులు చక్కగా ఉన్నాయి. బిడ్డ వెనక నిలబడి గిలక ఆడించాను, గంట కొట్టాను, చివరికి స్టీలు ట్రే కింద పడేశాను. పక్కగదిలో కాంపౌండరు ఉలిక్కిపడ్డాడు. బిడ్డ నా బల్ల మీది బొమ్మను నాకుతూ కూర్చున్నాడు. కొత్త చోటు, బెదిరినాడు అంది అవ్వ. బెదిరినవాడి వాలకం ఏమీ అందులో లేదు.

తరవాత నిద్రలో చేసే పరీక్ష. తలకు తీగలు అంటించి, చెవిలో శబ్దం పెట్టి, మెదడుకు చేరుతోందా లేదా అని మిషను గీతలు గీస్తుంది. బిడ్డను నిద్రపుచ్చడానికి మందు పోస్తే వాడు తప్ప అందరం ఆవులించాం. ఎట్టకేలకు అవ్వ ఒళ్ళో నిద్రపోయాడు. గీతలు చూశాను. రెండు చెవులకూ అంతా చదునుగా ఉంది, మిట్టా పల్లం ఏదీ లేదు. ఇంకోసారి రప్పించి మళ్ళీ చేశాం. అదే చదును.

సంగతి వాళ్ళకు విప్పి చెప్పాను. చెవి వెనక తగిలించే మామూలు మిషను ఇంత చెవుడుకు చాలదు. కొన్నాళ్ళు అది పెట్టి చూస్తాం, ఆ తరవాత ఆపరేషను చేసి చెవి లోపల ఒక పరికరం అమర్చాలి. ఖర్చు గవర్నమెంటు పథకంలో పోతుంది. కానీ ఇది ఇప్పుడే కావాలి. మాటలు నేర్చుకునే వయసు ఒకటి ఉంటుంది, అది దాటిపోతే ఆ తరవాత పరికరం పెట్టినా శబ్దం వస్తుంది గానీ మాట రాదు. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవ్వ మాత్రం సంతలో పుచ్చు వంకాయ చూసినట్టు నా మిషను వైపు చూసింది.

"నీ మిసను సెడిపోయిండాది డాక్టరమ్మా. పాలవ్యాను వచ్చేది మా అందరికంటే ముందు వానికే ఇనపడ్తాది. మా ఇంటికి రా, సూపిస్తా."

నేను పోయింది సేవాభావంతో అని ఎవరైనా అంటే నమ్మొద్దు. పౌరుషంతో పోయాను. చెవులు చదివిన దాన్ని పట్టుకుని చెవుల గురించి ఇంత మాట అంటుందా అని మనసు కుతకుతలాడింది. ఆదివారం పొద్దున, నిద్రపోతున్న ఇంట్లోవాళ్ళను లేపి చెప్పి, మంచి చీరే కట్టుకుని సోమల దారి పట్టాను.

వాళ్ళది పాడి ఇల్లు. కొట్టంలో జెర్సీ ఆవులు వరసగా ఉన్నాయి. ముంగిట్లో మాత్రం అసలైన పుంగనూరు ఆవు ఒకటి గుంజకు కట్టేసి ఉంది. దేశంలో చాలామంది పుంగనూరు వీధుల్లో పొట్టి ఆవులు కుక్కపిల్లల్లా తిరుగుతుంటాయని అనుకుంటారు. హైదరాబాదులో ఉండే మా పిన్ని ఒక దూడను బస్సులో వేసి పంపమని కూడా అడిగింది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన నేను ఆ ఆవును దగ్గర నుంచి చూడటం బహుశా అది మూడోసారి. అవ్వ పుట్టింటి నుంచి తెచ్చుకున్న జాతి అట. పాలు కాఫీకి చాలితే గొప్ప, అయినా దానికున్న మర్యాద జెర్సీలకు లేదు. పొట్టి కాళ్ళు, చిన్న మూపురం, తల సరిగ్గా బిడ్డ తలకు ఎదురుగా వచ్చేంత ఎత్తు. దాని ముందర చాప, చాప మీద బిడ్డ. పొద్దస్తమానం ఇద్దరూ అలా ఎదురెదురుగానే ఉంటారని కోడలు చెప్పింది.

అవ్వ నాకు కాఫీ ఇచ్చింది. పాలక్యాను గేటు దగ్గర సిద్ధంగా ఉంది. అందరం అరుగు మీద కూర్చుని వ్యాను కోసం ఎదురుచూశాం. నేను చెవులు రిక్కించాను. పక్కింట్లో పొయ్యి ఊదుతున్న చప్పుడు వినిపించింది, అంతే. ఉన్నట్టుండి బిడ్డ లేచాడు. పడుతూ లేస్తూ గేటు దగ్గరికి పరిగెత్తి పాలక్యాను పిడి పట్టుకున్నాడు. ఇంకా ఏ శబ్దమూ లేదు. సగం తాగిన కాఫీ చేతిలోనే ఉండగా, దూరంగా మలుపులో వ్యాను మూలుగు వినిపించింది. అవ్వ నా గ్లాసులో ఇంకాస్త కాఫీ పోసింది. తిట్టినా అంత కోపం వచ్చేది కాదు.

వ్యాను పోయాక బిడ్డను మళ్ళీ చాప మీద కూర్చోబెట్టారు. నేను నా సంచి తెరిచాను. వాడి వెనక దూరంగా నిలబడి పళ్ళెం మీద గరిటెతో కొట్టాను. తిరిగి చూశాడు. తాళం చెవులు ఆడించాను. చూశాడు. ఒక కాగితం నలిపాను. దానికీ చూశాడు. అవ్వ పేరు పెట్టి పిలిస్తే నవ్వుతూ చూశాడు.

ఈమె చెప్పిందే నిజమైతే నేను బాగా వినపడే బిడ్డ పుర్రెకు రంధ్రం పెట్టబోతున్నాను. మిషను నిజమైతే వీడు ఈ ముంగిట్లోనే మూగవాడై పెరగబోతున్నాడు. రెండింట్లో ఏదో ఒకటి నేను ఆ అరుగు మీదే తేల్చుకోవాలి. నా చదువు, నా సర్టిఫికెట్లు అన్నీ ఆ క్షణంలో మా నాయన గానుగలోని పిండిచెక్క పాటి కూడా చేయలేదు. అవ్వ నాకు అటుకులు పెట్టమని కోడలికి చెప్పింది. ఓడిపోయిన వాళ్ళకు అతిథి మర్యాద ఎక్కువ.

అటుకులు నములుతూ కూర్చున్నప్పుడు ఒక అనుమానం మొదలైంది. మామూలుగా వినపడే బిడ్డ నాలుగుసార్లు తిరిగి చూసి అయిదోసారి ఈ పిచ్చిది ఊరికే చప్పుడు చేస్తోంది అని మానేస్తాడు. వీడు ఒక్కసారి కూడా తప్పలేదు. అంత బుద్ధిమంతుడైన రెండేళ్ళ బిడ్డను నా సర్వీసులో చూడలేదు. వాడి ముందర బంతి ఉంది, డబ్బా మూత ఉంది, వాడు దేన్నీ చూడటం లేదు. ఆవునే చూస్తున్నాడు.

అప్పుడు ఒక ఈగ వచ్చింది. వచ్చి ఆవు ఎడమ చెవి మీద వాలింది. ఆవు చెవిని వెనక్కి విదిలించింది. ఎక్కడా ఏ చప్పుడూ లేదు. బిడ్డ గభాలున తిరిగి నా వైపు చూశాడు, వెనక ఎవరో పిలిచారన్నట్టు.

నేను అటుకుల గిన్నె కింద పెట్టాను. ఈగ మళ్ళీ వాలింది, చెవి మళ్ళీ కదిలింది, వాడు మళ్ళీ తిరిగాడు. వ్యాను రాగానే తవుడు పెడతారని ఆ ఆవుకు తెలుసు కాబట్టి మలుపు దగ్గరి చప్పుడు దానికే ముందు వినపడుతుంది. చెవులు దారి వైపు నిగుడుతాయి. వీడు అది చూసి లేస్తాడు. గరిటెకూ, తాళం చెవులకూ, అవ్వ పిలుపుకూ తిరిగింది ఆవు చెవులు. వాటిని చూసి వాడు తిరిగాడు. ఇంకే ఆవైనా వాడికి ఆకాశమంత ఎత్తున ఉండేది, దాని కాళ్ళు తప్ప ఏమీ కనపడేవి కావు. ఇది పుంగనూరు ఆవు.

అవ్వతో నోటితో చెబితే లాభం లేదని నాకు తెలుసు. ఆవును కాసేపు ఇంటి వెనక కట్టేయమని మాత్రం అడిగాను. చూడ్డానికి పొట్టిది గానీ మొండితనంలో ఏనుగు. అవ్వ ముందు నుంచి లాగింది, నేను వెనక నుంచి నెట్టాను. నా మంచి చీర ఏమైందో చెప్పను. ఆవు కనుమరుగయ్యాక బిడ్డ కాసేపు వెతుక్కుని, ఏడ్చి, ఆ తరవాత డబ్బా మూతతో ఆటలో పడ్డాడు. ఇప్పుడు వెనక నుంచి పిలవమ్మా అన్నాను.

అవ్వ ధీమాగానే పిలిచింది. బిడ్డ మూతను నేలకేసి తిప్పుతున్నాడు. ఇంకొంచెం గట్టిగా పిలిచింది. అప్పా అంది, బంగారూ అంది, మా నాయనే అంది, చివరికి తిట్టింది. గొంతు ఒక్కోసారీ మారుతూ వచ్చింది. పక్కింటి వాళ్ళు గోడ మీద నుంచి తొంగి చూశారు. బిడ్డ మెడ కదల్లేదు. కోడలు వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. వంటింట్లో ఎన్నిసార్లు పిలిచినా వాడు పలికేవాడు కాదట, అది చెబితే మొండితనం, నీ పుట్టింటి పోలిక అనేవాళ్ళట. ఆ సంగతి ఆ పిల్ల నాకు ఆ తరవాత కారు దగ్గర చెప్పింది.

అవ్వ పిలవడం ఆపి చాప మీద బిడ్డ వెనకే కూర్చుంది. తరవాత నా వైపు తిరిగింది.

"అయితే ఇన్నాళ్ళూ నేను వానికి సెప్పిన మాటలన్నీ యాడికి పోయినాయి?"

ఆమే ఇంటి వెనక్కి చేయి చూపించింది. "అది ఇన్నాది. వీడు ఇనలా" అంది.

గెలిచినందుకు సంతోషించాల్సింది. నాకు దుఃఖం వచ్చింది. ఆ ముసలమ్మ మిషను చెడిపోయిందని అంటూ ఉంటేనే బాగుండేదనిపించింది. కానీ ఆమె నా కంటే గట్టిది. కళ్ళు తుడుచుకుని, ఆపరేషనుకు ఎప్పుడు రావాలని అడిగింది.

మామూలు మిషను పెట్టి చూసే గడువు ముగిశాక కుప్పంలో, నేను చదువుకున్న ఆసుపత్రిలోనే ఆపరేషను. రాహుకాలంలో కత్తి పెట్టనివ్వనని అవ్వ తలుపు దగ్గర కూర్చుంది. అది మా చేతుల్లో ఉండదని చెప్పాను. ఇంతలో ముందు కేసు ఆలస్యమై మా వంతు వచ్చేసరికి రాహుకాలం దాటిపోయింది. ఇప్పటికీ ఆ ఆపరేషను సగం తానే చేశానని ఆమె నమ్మకం. ఎముకను సన్నగా తొలిచి, నత్తగుల్ల ఆకారంలో ఉండే లోపలి చెవిలోకి తీగను జరుపుతున్నప్పుడు నేను ఊపిరి బిగబట్టాను. ఇన్నేళ్ళ అనుభవంలోనూ అది మానలేదు.

గాయం మానాక పరికరం మొదటిసారి ఆన్ చేసిన రోజు బిడ్డ నవ్వుతాడని, తల్లి ఏడుస్తుందని అందరూ అనుకుంటారు. వాడు ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చాడు. తల పక్కన అయస్కాంతంతో అతుక్కునే బిళ్ళను పీకి పారేశాడు. ఇంటికి పోయాక దాన్ని కొట్టం ఇనుప స్తంభానికి అతికించి మరిచిపోతే, ఇంటిల్లిపాదీ పేడకుప్పల్లో వెతికారట. మాట నేర్పే అమ్మాయి వాళ్ళకు ఒకటే చెప్పింది. బిడ్డతో ఎడతెరిపి లేకుండా మాట్లాడండి, ఏ పని చేస్తే ఆ పని పేరు చెప్పండి అని. ఇంకొక ఇంట్లో అయితే ఆ మాట చెప్పి చెప్పి నోరు నొప్పి పుడుతుంది. ఆ అవ్వకు అది వరం. కొట్టం ఊడుస్తూ, పాలు పితుకుతూ, తవుడు కలుపుతూ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడిందట. కోడలే చెవులు మూసుకోవాల్సి వచ్చిందట.

నెలలు గడిచాయి. వాడు శబ్దాలకు తిరుగుతున్నాడు, ఊ కొడుతున్నాడు, కానీ మాట లేదు. అమ్మ అనలేదు, అవ్వ అనలేదు. వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం ఓపిక పట్టమని చెప్పేదాన్ని. చెబుతున్నప్పుడు నా గొంతులో నాకే నమ్మకం సన్నగిల్లేది. వయసు దాటాక చేశానేమో అనే భయం ఇంటికి కూడా వెంట వచ్చేది.

మొన్న వానాకాలంలో మదనపల్లె క్లినిక్కుకు మళ్ళీ వచ్చారు. బిడ్డను అవ్వ ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నేను ముందుకు వంగి లైటు పెట్టి వాడి చెవిలోకి చూడబోయాను. వాడు రెండు చేతులతో నా మొహాన్ని నెట్టాడు. మొహం చిట్లించి, గొంతు పెద్దది చేసి, "జరుగు" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. వాడికి ఇంకా కోపం వచ్చింది. "ఏయ్, జరుగు" అన్నాడు, ఈసారి ఇంకా స్పష్టంగా. అది జెర్సీ ఆవులను పక్కకు తొయ్యడానికి కొట్టంలో అవ్వ రోజంతా అనే మాట, అదే యాస, అదే విసురు. డాక్టరమ్మను అట్లా అంటారా అని కోడలు సిగ్గుతో బిడ్డ నోరు మూయబోయింది. అవ్వ ఆ చేతిని పట్టుకుని ఆపింది.

"వాని నోరు ముయ్యొద్దు. అది నా మాట డాక్టరమ్మా. నా మాట వాడు ఇన్నాడు."

నేను లైటు ఆర్పేసి, కుర్చీ వెనక్కి లాక్కుని, పక్కకు జరిగాను.